ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగికి కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ హెపటైటిస్ బి పాజిటివ్ వస్తే క్యాన్సర్ ముదిరినట్టేనా?

కాదు, పెద్దవాళ్లలో ల్యుకేమియా ఎటు పోతుందో ప్రధానంగా తేల్చేవి క్యాన్సర్ కణాల్లోని జన్యుమార్పులు, వయసు, మందులకు ఒళ్లు స్పందించే తీరు. వైరస్ చెప్పేది వేరే సంగతి: చికిత్సలో ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో.

కీమో, అంతకుమించి రిటుక్సిమాబ్ (కొన్ని రక్త క్యాన్సర్లకు ఇచ్చే యాంటీబాడీ మందు), రోగనిరోధక శక్తిని అణిచేస్తాయి. ఆ కాపలా పోగానే కాలేయంలో ఏళ్లుగా నిద్రపోతున్న వైరస్ లేచి కూర్చోవచ్చు. అప్పుడు కామెర్లు వస్తాయి, కీమో వాయిదా పడుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రికో నిమ్స్ ఆసుపత్రికో బయల్దేరిన సీఎల్ఎల్ (నెమ్మదిగా ముదిరే ఒక రకం ల్యుకేమియా) రోగి చేతిలో ఇలాంటి రిపోర్టు ఉందనుకోండి: 'హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్, యాంటీ హెచ్‌బీసీ టోటల్ రియాక్టివ్'. మొదటి లైను చూసి, రక్తంలో వైరస్ పైపొర ప్రొటీన్ కనబడలేదని, హమ్మయ్య అనుకుంటాం. అసలు కథ రెండోదాంట్లో ఉంది: వైరస్ ఎప్పుడో సోకింది, దానిపై ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీ ఆనవాలుగా మిగిలింది, వైరస్ కాలేయంలో నిద్రపోతూ ఉండొచ్చు. రిటుక్సిమాబ్ ఇవ్వాలంటే ముందే ఈ వైరస్‌ను అణిచే మందులు ఎంటెకావిర్ లేదా టెనోఫోవిర్ మొదలుపెట్టి, చికిత్స ముగిశాక కూడా కనీసం 12 నెలలు కొనసాగిస్తారు.

ఇక కంచం, గ్లాసు వేరుపెట్టడం వట్టి అపోహ. ల్యుకేమియా అంటుకోదు, హెపటైటిస్ బి అంటుకునేదే అయినా కలిసి తింటే రాదు. వైరస్సే నేరుగా కారణమయ్యే ల్యుకేమియా ఒకటుంది, హెచ్‌టీఎల్‌వీ-1 అనే వేరే వైరస్ తెచ్చే ఏటీఎల్ (పెద్దవాళ్లలో వచ్చే టీ-కణాల ల్యుకేమియా). అది ఎక్కువగా కనిపించేది నైరుతి జపాన్‌లో.