ఎంఆర్ఎస్ మారకపోతే నాన్నగారు కోలుకోనట్టేనా?

పక్షవాతం వచ్చిన నాన్నగారి డిశ్చార్జ్ కాగితంలో ఎంఆర్ఎస్ (మోడిఫైడ్ ర్యాంకిన్ స్కేల్, అంటే పక్షవాతం తర్వాత మనిషికి ఎంత సాయం కావాలో చెప్పే అంకె) 4 అని ఉంది, రెండు నెలల తర్వాత రివ్యూలో కూడా 4 అనే రాశారు, మార్పేమీ లేనట్టేనా అని అడిగారు కదండీ. అలా అనుకోకండి. ఆ స్కేలు 0 నుంచి 6 దాకా ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ మెరుగన్నమాట, 4 అంటే ఇంకొకరి సాయం లేకుండా నడవలేరని, 3 అంటే సొంతంగా నడుస్తారు గానీ కొన్ని పనులకి సాయం కావాలని, ఈ రెండిటి మధ్య బోలెడంత దూరం ఉంది. మా అమ్మకి కుడివైపు పక్షవాతం వచ్చాక చాలాకాలం 4లోనే ఉంది, కానీ ఇద్దరం పట్టుకుంటే గానీ మంచం దిగలేని మనిషి, ఆ 4లో ఉండగానే, నడుం దగ్గర కాస్త చెయ్యేస్తే చాలు తనే లేచి కుర్చీలో కూర్చునేదాకా వచ్చింది.

ఇలాంటి చిన్న చిన్న మార్పులు తెలియాలంటే మీ ఫిజియోని బార్తెల్ ఇండెక్స్ వెయ్యమనండి. తినడం, స్నానం, బట్టలు, మెట్లు ఇలా పది పనులకి కలిపి 100 మార్కులు. మంచం మీంచి కుర్చీలోకి మారడానికే 15 ఉన్నాయి, అమ్మకి అక్కడే 5 కాస్తా 10 అయింది. ఇందులో రోజూ నిజంగా ఏం చేస్తున్నారో అదే రాయాలి, చెయ్యగలరులే అని వెయ్యకూడదు. మనమేమో జాలికొద్దీ చొక్కా తొడిగేస్తుంటాం, దాంతో మార్కూ రాదు, ఆయనకి అలవాటూ కాదు, ఎంత టైం పట్టినా ఆయన్నే తొడుక్కోనివ్వండి.

బార్తెల్‌లో మాటకి మార్కుల్లేవండీ, నాన్నగారికి మాట తడబడుతుంటే స్పీచ్ థెరపిస్ట్‌కి విడిగా చూపించాల్సిందే. చెయ్యి సంగతీ అంతే, అమ్మ ఎడంచేత్తో స్పూన్‌తో తినేసరికే తిండికి ఫుల్ మార్కులు పడిపోయాయి, కుడిచేత్తో పప్పన్నం కలుపుతుంటే మాత్రం బొటనవేలు లోపలికి ముడుచుకుపోయి మెతుకులన్నీ వేళ్ళ సందుల్లోంచి కంచంలోకే జారేవి. చేతి కదలికలకి ఫుగల్ మేయర్ అని వేరే పరీక్ష ఉంది, 66కి వేస్తారు, అదీ అడగండి.

నడక మొదలయ్యాక వరండాలో 10 మీటర్లు కొలిచి ఫోన్‌లో టైం చూడండి, పక్కన ఒకరు ఉండాలి, కర్ర వాడితే ప్రతిసారీ అదే కర్ర. 25 సెకన్ల కంటే ఎక్కువ పడుతుంటే నడక ఇంటివరకే అనుకోవచ్చు, 12 సెకన్లలోపు వస్తే బయట తిరగడానికి సరిపోతుంది. నెలకోసారి ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసి రివ్యూకి పట్టుకెళ్ళండి, చేస్తున్న పని ఉన్నట్టుండి చెయ్యలేకపోతే మాత్రం రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.