క్రిస్టియన్ బోక్ ‘యునోయా’లా ఒకే అచ్చుతో తెలుగులో రాయగలమా?

అడిగినది ఇది: కెనడా ప్రయోగ కవి క్రిస్టియన్ బోక్ ఒక్కో అధ్యాయంలో ఒకే అచ్చు వాడి పుస్తకం రాశాడు కదా, తెలుగులో అది సాధ్యమా, ఎక్కడ మొదలుపెట్టాలి?

సాధ్యమే. అయితే ముందు బోక్ పెట్టుకున్న షరతులు పూర్తిగా తెలియాలి. చాలామంది ఒకే అచ్చు దగ్గరే ఆగిపోతారు. 2001లో వచ్చిన ఆ పుస్తకం ‘యునోయా’ (2002లో గ్రిఫిన్ కవితా బహుమతి దానికే) రాయడానికి ఆయనకు ఏడేళ్లు పట్టింది. ప్రతి అధ్యాయంలో రాయడం గురించిన ప్రస్తావన ఉండాలి, ఒక విందు, ఒక శృంగార ఘట్టం, ఒక పల్లె దృశ్యం, ఒక సముద్రయానం రావాలి. ఆ అచ్చుతో దొరికే మాటల్లో కనీసం 98 శాతం వాడాలి. వాడిన మాట వీలైనంతవరకు మళ్లీ రాకూడదు. ఇంగ్లీషు వై (Y) అక్షరం నిషిద్ధం, ఎందుకంటే అది అచ్చుగానూ హల్లుగానూ నటిస్తుంది. మన కసరత్తులు చాలావరకు పేలవంగా తేలేది ఒకే అచ్చుకు తోడు ఇలాంటి షరతులు లేకనే.

తెలుగులో మన వై అక్షరం ఋ. ‘కృప’ను రాసేది ఒకలా, పలికేది ఇంకోలా. దాన్ని వదిలేయండి, ఐ, ఔలను కూడా. హ్రస్వదీర్ఘాలను ఒకటిగానే లెక్కేయండి, లేకపోతే మాటలు చాలవు. సున్నా, పొల్లు ఉండొచ్చు.

మాటల పోగు కంప్యూటర్‌తో జల్లెడ పట్టేటప్పుడు ఒక పొరపాటు తప్పకుండా జరుగుతుంది. కంప్యూటర్‌లో ‘అ’ గుణింతానికి విడిగా గుర్తు లేదు, తలకట్టు అక్షరంలోనే కలిసి ఉంటుంది. ఉకారం మాటలు కావాలని ‘వేరే గుణింతపు గుర్తులు లేనివి’ అని అడిగితే ‘ఉడుత’ కూడా వచ్చి కూర్చుంటుంది. ప్రతి హల్లు తర్వాత కొమ్ము గానీ పొల్లు గానీ ఉండి తీరాలని అడగాలి.

ఇక అసలు సంగతి. ఇంగ్లీషు ‘A’ చాలా మర్యాదగా ఉంటుందని, ‘E’ శోకగీతంలా, ‘U’ బూతుగా ఉంటాయని బోక్ అంటాడు. ఇంగ్లీషులో ఆ స్వభావం మాటల పోగు నుంచి వస్తే, తెలుగులో క్రియల చివరి నుంచి వస్తుంది. అందుకే నామవాచకాల జాబితాతో మొదలుపెట్టకండి, ఏ క్రియారూపాలు మిగులుతాయో ముందు చూడండి.

‘అ’ తీసుకోండి. ‘వచ్చాడు’ కుదరదు, చివర ఉకారం ఉంది. కానీ బడిలో చదివిన ఉత్వసంధి ఆదుకుంటుంది: వచ్చాడట, వచ్చాడా. అంటే అకారంలో అతను వచ్చాడని గట్టిగా చెప్పలేరు, ఎవరో అన్నారని చెప్పాలి, లేదా అడగాలి. ‘మామ కథ రాశాడట. రాశాక తాత చదవగా చదవగా, కథ కాదయ్యా, వాత! అన్నాడట.’ మొత్తం అధ్యాయం రచ్చబండ కబురులా తయారవుతుంది. ‘లో’, ‘కి’, ‘ని’ ఏవీ లేవు కాబట్టి వద్ద, దాకా, వల్లలతో నెట్టుకురావాలి.

ఉకారంలో నామవాచకాలు కావలసినన్ని, కానీ క్రియ ఆజ్ఞగానే మిగులుతుంది. ‘నువ్వు ముందు చూడు. చుట్టూ ముళ్ళు. దుమ్ము దులుపు, దూకు.’ నేను, వాడు, ఆమె ఎవరూ ఉండరు, ఎదురుగా నిలబడ్డ నువ్వే.

ఇకారంలో భూతకాలం దొరుకుతుంది, కానీ చేసేది ఆడమనిషో, వస్తువో కావాలి: ‘చిట్టి చీటీ తీసింది, చింపింది, నీకిచ్చింది.’ మగవాళ్ళకు ఇక్కడ ప్రవేశం లేదు. కథ నడపడానికి నా లెక్కలో ఇదే అన్నిటికన్నా మేలు.

ఎకారం నొక్కి చెప్పే ‘ఏ’ మీద బతుకుతుంది. ‘తేనె లేదే, వెన్నే లేదే, ఎండే లేదే.’ చూశారా, ఏడుపు దానంతటదే వచ్చింది. బోక్‌కు కూడా ఇంగ్లీషు ‘E’ శోకమే. ఇది కాకతాళీయం, దాని మీద సిద్ధాంతం కట్టకండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: బోక్ లెక్క అక్షరానిది, శబ్దానిది కాదు. ఇంగ్లీషులో ఒకే ‘A’ నాలుగైదు రకాలుగా పలుకుతుంది కాబట్టి చెవికి మార్పు ఉంటుంది. మనకు రాసిందే దాదాపు పలుకు, కాబట్టి పది వాక్యాలకే ఒకటే మోతలా విసుగు వస్తుంది. విరుగుడు హల్లుల్లో ఉంది: ఒక వాక్యంలో పరుషాలు (క, చ, ట, త, ప), తర్వాతి దాంట్లో ల, న, మ. దానికి తోడు ‘వచ్చాడు’లో ‘చ్చా’ను చాలామంది ‘ఆ’కు, ‘ఏ’కు మధ్యగా పలుకుతారు. కన్నును నమ్ముతారా, చెవిని నమ్ముతారా అన్నది మొదటి వాక్యానికి ముందే తేల్చుకోండి. మధ్యలో మారిస్తే సగం పోగు పారేయాల్సి వస్తుంది.

ఒకారం జోలికి ఇప్పుడే పోకండి. కొండ, తోట, కోడి, గోడ, అన్నీ ఒకారంతో మొదలై ఇంకో అచ్చుతో ముగుస్తాయి. మిగిలేది పో, లో, తో లాంటివే. అధ్యాయం రాదు, అయిదు పాదాలొస్తే గొప్ప.