పాత జీపుకు ముందు ఐఎఫ్ఎస్ వేయించి ఎడారిలో వేగంగా తోలాలంటే

మీరు అడిగింది ఇది: కొరాపుట్ జిల్లా జయపురంలో మీ దగ్గర మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది, ముందూ వెనకా కమాన్ కట్టలే. దాన్ని జైసల్మేర్ వైపు తీసుకెళ్లి ఎడారిలో వేగంగా నడపాలని ఉంది. ముందు రెండు చక్రాలనూ కలిపే యాక్సిల్ హౌసింగ్ తీసేసి, ఏ చక్రానికా చక్రం విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఐఎఫ్ఎస్, వేయించొచ్చా, ఏ బండి సామాను తెచ్చుకోవాలి, కాగితాల ఇబ్బంది వస్తుందా అని.

వేయించొచ్చు, లాభం కూడా నిజమే. కాకపోతే చక్రం ఎగిరినప్పుడు దాన్ని ఛాసిస్‌కు కలిపే ఆర్ములూ, స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్డూ ఒకే దారిలో కదలాలి. అది కుదరని ఐఎఫ్ఎస్ జీపు కంటే మీ కమాన్ కట్టల జీపే ఎడారిలో నయం.

నాది రాయగడలో ఛాసిస్, వెల్డింగ్ పని. సుంకి ఘాట్‌లో జనాన్ని ఎక్కించుకుని తిరిగే కమాండర్ జీపులు నా చేతి మీదుగా చాలా వెళ్లాయి. మన కొండ దారులకు రిజిడ్ యాక్సిలే, అంటే రెండు చక్రాలనూ ఒకే గట్టి గొట్టంతో కలిపేదే, మేలని నేను గట్టిగా నమ్ముతాను. బరువు మోస్తుంది, ఒక చక్రం రాయి ఎక్కితే హౌసింగ్ కూడా దానితో పాటే లేస్తుంది, విరిగితే ఏ ఊళ్లోనైనా బాగవుతుంది. ఇక్కడ నలభై దాటితే అదే వేగం. జైసల్మేర్ చుట్టుపక్కల గట్టి నేల మీద మీరు ఎనభైలో వెళ్తారు. అక్కడ లెక్క వేరు.

రిజిడ్ యాక్సిల్‌లో డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్లు), గొట్టం, లోపలి షాఫ్టులు అన్నీ చక్రంతో పాటు ఎగిరి పడతాయి. ఆ బరువంతా స్ప్రింగు కింద ఉంది కాబట్టి షాకబ్జర్ దాన్ని పట్టుకోలేదు, నేల మీద టైరు నిలవదు. పైగా ఎడమ చక్రం లేస్తే కుడి చక్రం ఒరుగుతుంది. వేగంగా తిరుగుతున్న చక్రాన్ని ఒరిగిస్తే అది పక్కకు తిరగాలని చూస్తుంది, ఆ వణుకు స్టీరింగ్‌లోకి వస్తుంది. కింగ్ పిన్లు, బుష్షులు అరిగిన జీపైతే చేతిలో స్టీరింగ్ నిలవదు. ఐఎఫ్ఎస్‌లో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది, ఏ చక్రం పని అది చేసుకుంటుంది. టయోటా ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్ దాకా ముందు రిజిడ్‌తో వచ్చి, 1998లో 100 సిరీస్‌తో ఐఎఫ్ఎస్‌కు మారింది. అదే కాలంలో గట్టి పనికోసం 105 అనే రిజిడ్ బండిని కూడా ఉంచింది. దుబాయిలో ఉన్న మా బంధువులు మాత్రం ఇసుక తిన్నెల మీద నిస్సాన్ పెట్రోల్ వై61 అనే బండినే మెచ్చుకుంటారు, అది రెండువైపులా రిజిడే. కాబట్టి మెత్తటి తిన్నెల కోసమే అయితే మీకు ఈ ఖర్చు అక్కర్లేదు. అలలు అలలుగా గట్టిపడిన దారి మీద ఆగకుండా వేగంగా పోవాలంటేనే ఐఎఫ్ఎస్ గురించి ఆలోచించండి.

జయపురం వైపు నుంచే ఒక జీపు నా దగ్గరికి వచ్చింది. వేరే ఊళ్లో ఒక షాపులో ఐఎఫ్ఎస్ వేశారు. వెల్డింగ్ చూడ్డానికి చక్కగా ఉంది, చిన్న గుంతలో పడినా బండి మాత్రం పక్కకు లాగుతోంది. యజమాని అలైన్‌మెంట్ చేయిస్తూనే ఉన్నాడు. బండి నిలబడి ఉన్నంతసేపు అలైన్‌మెంట్ సరిగానే చూపిస్తుంది, కదిలినప్పుడే తేడా. నేను టార్షన్ బార్లు, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు, వదులు చేసి, స్టీరింగ్ తిరగకుండా కట్టేసి, చక్రానికి ఒక నిటారు పలక ఆనించి, జాకీతో కొంచెం కొంచెంగా పైకి లేపుతూ పలక ముందు వెనకల దూరం కొలిచాను. అంగుళం లేచేసరికే చక్రం మూతి పక్కకు తిరుగుతోంది. పాత స్టీరింగ్ బాక్సు అలాగే ఉంచి, టై రాడ్ లోపలి కీలును తమకు వీలైన చోట పెట్టేశారు. ఆ కీలు పై ఆర్ము, కింది ఆర్ము లోపలి కీళ్లను కలిపే గీత మీదకు రావాలి. బయటి కీలు రెండు బాల్ జాయింట్లను కలిపే గీతకు దగ్గరగా ఉండాలి. టై రాడ్‌ను ఊహలో గీతలా పొడిగిస్తే, అది రెండు ఆర్ముల గీతలు కలిసే చోటుకే పోవాలి. ఈ మూడూ కుదిరితే చక్రం ఎగిరినా దాని దిశ మారదు. లోపలి కీలు చోటు మార్చాక ఆ జీపు తిన్నగా పోయింది. తర్వాత దానితో పాటు జైసల్మేర్ వెళ్లాను, గట్టి దారి మీద ఒక చేత్తో పట్టుకున్నా స్టీరింగ్ కదల్లేదు. మీ షాపువాళ్లు డబ్బు అడిగే ముందు ఈ పలక పరీక్ష మీ ఎదురుగా చేయమనండి. ఒప్పుకోకపోతే బండి అక్కడ వదలకండి.

అందుకే ఆర్ములు ఒక చోట, స్టీరింగ్ ఇంకో చోట కొనొద్దంటాను. 2010 నుంచి వచ్చిన పాత మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (డీజిల్ ఇంజన్ రకం)లో ముందు టార్షన్ బార్ ఐఎఫ్ఎస్ ఉంది, వెనక కమాన్ కట్టలే. యాక్సిడెంట్ బండి దొరికితే క్రాస్ మెంబర్ (ఛాసిస్ కమ్మీల మధ్య అడ్డ దూలం), ఆర్ములు, స్టీరింగ్, డిఫరెన్షియల్ అన్నీ ఒకే బండివి, ఒకే కొలతల్లో దించుకోండి. ముందు డిఫరెన్షియల్ రేషియో, అంటే గేర్ల నిష్పత్తి, వెనకదానితో కలవాలి. తేడా ఉంటే ఇసుకలో జారుతుంది కాబట్టి తెలియదు, గట్టి నేల మీద ఫోర్ వీల్‌లో తోలితే ముందు వెనక యాక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పోతుంది. టార్షన్ బార్ వెనక కొసకు కూడా ఛాసిస్‌లో గట్టి ఆధారం కావాలి, చాలామంది అక్కడ పలుచని రేకు పెడతారు.

టార్షన్ బార్ బోల్టు తిప్పి బండి ఎత్తు పెంచే అలవాటు మన దగ్గర ఎక్కువ. దానివల్ల స్ప్రింగు గట్టిపడదు. చక్రం కిందికి దిగాల్సిన దూరం తగ్గిపోతుంది, చక్రాన్ని తిప్పే షాఫ్టు కీలు, అంటే సీవీ జాయింట్, ఎప్పుడూ వంపులోనే తిరిగి త్వరగా పోతుంది. ఎడారిలో చక్రం కిందికి దిగడమే మీకు ముఖ్యం, బోల్టు ముట్టుకోకండి.

షాకబ్జర్ల మీద డబ్బు మిగిల్చొద్దు. అలల దారి మీద ఆపకుండా పోతే లోపలి నూనె కాగి నురగ కడుతుంది, ఆ తర్వాత బండిని పట్టుకునేది ఏదీ ఉండదు. విడిగా రిజర్వాయరు ఉండి నైట్రోజన్ నింపినవి తీసుకోండి. సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే రబ్బరు దిమ్మెలు, అంటే బంప్ స్టాపులు, కొత్తవి వేయించండి. వెనక కట్టలకు కూడా అదే స్థాయి షాకబ్జర్లు పడాలి. లేకపోతే ముందు భాగం మెత్తగా పోతుంటే వెనక భాగం ఎగిరి కొడుతుంది.

గుణుపురం దగ్గర వంశధార ఇసుకలో నడిపి చూసుకుని ధైర్యం తెచ్చుకోవద్దు. ఏటి ఇసుక గరుకుగా ఉంటుంది, అడుగున తడి ఉంటుంది, టైరును మోస్తుంది. జైసల్మేర్ దగ్గరి సమ్ తిన్నెల ఇసుక సన్నగా, పొడిగా ఉంటుంది. అక్కడ 15 నుంచి 18 పీఎస్ఐ దాకా గాలి తగ్గించాలి, గట్టి నేల ఎక్కగానే మళ్లీ కొట్టుకోవాలి. కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

కాగితాల సంగతి కూడా అడిగారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కు వస్తుంది. అందుకని మార్చిన జీపును లారీ మీద ఎక్కించి తీసుకెళ్లి, రోడ్డు కాని చోట, అనుమతి ఉన్న చోటే తోలండి. రోడ్డు మీద కూడా వాడుకోవాలంటే మీ 540ని కోయొద్దు. మంచి కండిషన్‌లో ఉన్న సీఆర్‌డీఈ థార్ కొని, షాకబ్జర్లు మార్చుకోండి. నేనైతే ఆ పనే చేస్తాను.

ఏదైనా కొనే ముందు మీ వెనక హౌసింగ్ రేషియో, ముందు డిఫరెన్షియల్ ఏ వైపుకు ఉందో, ముందు ఛాసిస్ రెండు కమ్మీల మధ్య వెడల్పు ఎంతో కొలిచి రాయండి. థార్ క్రాస్ మెంబర్ దానికి కూర్చుంటుందో లేదో చెప్తాను.