గ్రేడు మార్చారు, బిగువు మార్చలేదు

ప్రశ్న: సరుకు కిందికి జార్చే హాపర్‌కి వైబ్రేటర్ మోటార్‌ను నాలుగు ఎం20 (20 మి.మీ. లావు) బోల్టులతో బిగించాం. నెల తిరిగేసరికి ఒకటి విరుగుతోంది. 8.8 గ్రేడు తీసేసి అంతకన్నా బలమైన 10.9 వేసినా అదే తంతు. ఇక ఇంకా బలమైన 12.9 వేయమంటారా?
– ఒక సైట్ మెకానిక్

జవాబు: వద్దు. ముందు విరిగిన ముక్క పారేయకుండా నట్ లోపలి మొదటి థ్రెడ్ దగ్గర చూడండి. అక్కడే విరిగి, ముఖంలో కొంత నున్నగా వంపు గీతలతో, మిగతాది గరుకుగా ఉంటే అది బలం చాలక తెగిన బోల్టు కాదు, పదే పదే కుదుపులు తిని అలిసిపోయి విరిగింది.

ఎం20, 8.8 బోల్టును తెంపాలంటే దాదాపు 20 టన్నులతో లాగాలి. మీ మోటార్ అంత లాగదు. కానీ నాలుగు పోల్ మోటారైతే నిమిషానికి సుమారు 1,450 కుదుపులు. పన్నెండు గంటల్లో పది లక్షలు దాటతాయి! థ్రెడ్ మూలలో మొదలయ్యే పగులుకి గ్రేడుతో పెద్దగా పని లేదు. 8.8 అయినా 12.9 అయినా థ్రెడ్ తట్టుకునే అలసట ఇంచుమించు ఒకటే. పైగా జింకు పూత వేసిన 12.9లో హైడ్రోజన్ చేరితే పెళుసెక్కి, ఏ కుదుపూ లేకుండానే విరగొచ్చు.

నేను ఫిట్టర్‌గా ఉన్న రోజుల్లో ఒక జల్లెడ మెషీన్‌కి రెండుసార్లు గ్రేడు పెంచాను. మూడోసారి చిరాకేసి మోటార్ మొత్తం ఎత్తి చూస్తే, బేస్ కింద పెయింటు గోటితో గీకితే ఊడొచ్చేంత మందంగా ఉంది. అది నలిగిన కొద్దీ బోల్టు వదులైంది. బోల్టు బిగిస్తే రబ్బరు బ్యాండులా కొద్దిగా సాగి ప్లేట్లను నొక్కి పట్టుకుంటుంది. ఆ పట్టు ఉన్నంతకాలం కుదుపులో కొంచెమే బోల్టుకి తగులుతుంది. పట్టు పోతే మొత్తం దాని నెత్తినే.

కాబట్టి 8.8కే రండి. నాలుగూ కొత్తవి వేయండి, మిగిలిన మూడింటిలోనూ పగులు మొదలై ఉండొచ్చు. పెయింటు గీకి, బేస్ చదునుగా ఉందో లేదో చూడండి. తిప్పే బలం (టార్క్) ఎంతో చూపే టార్క్ రెంచ్ వాడండి. తుప్పు పట్టిన థ్రెడ్‌లో మీ బలమంతా రాపిడికే పోతుంది, స్పానర్‌కి పైపు తొడిగినా లాభం లేదు. నూనె రాస్తే మాత్రం నూనె రాసిన థ్రెడ్‌కి ఇచ్చిన టార్క్ విలువే తీసుకోండి. స్ప్రింగ్ వాషర్ మీద నాకు నమ్మకం లేదు. చోటుంటే మందపాటి గొట్టం ముక్క తొడిగి పొడవు బోల్టు వేయండి, ఎక్కువ సాగుతుంది కాబట్టి బిగువు తొందరగా పోదు. నట్ మీద నుంచి ప్లేటు దాకా ఒక పెయింటు గీత గీసి, మొదటి షిఫ్టు అయ్యాక గీత జరిగిందేమో చూసి, మళ్లీ ఒకసారి రెంచ్ పెట్టండి.