జట్టులో చోటు పోయినవాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది

క్రికెట్ టోర్నమెంట్ చూసి జీవితానికి పనికొచ్చేది ఏమైనా నేర్చుకున్నారా అని నన్ను ఒకరు అడిగారు. నేర్చుకున్నాను, 2025 మహిళల వన్డే ప్రపంచకప్ చూసి. నవంబర్ 2న మనవాళ్లు కప్పు ఎత్తిన రాత్రి అందరిలాగే నేనూ కేకలు పెట్టాను, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అయితే నా మీద అంతకంటే ఎక్కువ పనిచేసింది లీగ్ దశ మధ్యలో మన జట్టు వరసగా మూడు మ్యాచ్‌లు ఓడిన కాలం, ఆ తర్వాత జరిగిన సెమీఫైనల్.

అప్పటికి ఆఫీసులో నన్ను ఒక ప్రాజెక్టు నుంచి తప్పించారు. మొదటి రోజు నుంచీ దగ్గరుండి చూసుకున్న పని అది. తప్పు జరిగిందని ఎవరూ అనలేదు, వేరే నైపుణ్యం ఉన్న మనిషి కావాలన్నారు, అంతే. ఇలాంటప్పుడు బాధ ఒక పక్క, రేపటి నుంచి దేని కోసం కష్టపడాలో తెలియకపోవడం ఇంకో పక్క. రెండోదే ఎక్కువ తినేస్తుంది మనిషిని.

ఆ మనసుతోనే మ్యాచ్‌లు చూస్తున్నాను. విశాఖలో దక్షిణాఫ్రికా చేతిలో ఓడాం. మళ్లీ విశాఖలోనే 330 కొట్టి కూడా ఆస్ట్రేలియా చేతిలో ఓడాం. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతిపెద్ద ఛేజ్, అంటే రెండోసారి బ్యాటింగ్ చేసి అందుకున్న లక్ష్యం. ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద గెలుపు దాదాపు చేతికొచ్చాక నాలుగు పరుగుల తేడాతో పోయింది. ఆ ఇంగ్లండ్ మ్యాచ్‌కి మన బ్యాటర్ జెమీమా రోడ్రిగ్స్‌ను తప్పించారు. టోర్నీలో అప్పటికే రెండుసార్లు సున్నాకి అవుటైంది, జట్టుకేమో ఇంకో బౌలర్ కావాలి. జట్టు వైపు నుంచి చూస్తే న్యాయమే. ఆమె వైపు నుంచి చూస్తే సొంతగడ్డ మీద ప్రపంచకప్, బయట కూర్చోవాలి. నా మనసు ఆ పిల్ల దగ్గరే ఆగిపోయింది.

తర్వాతి మ్యాచ్‌లో న్యూజిలాండ్ మీద ఆమెను మళ్లీ తీసుకుని మూడో స్థానంలో పంపారు. 76 కొట్టి అవుటవకుండా నిలిచింది. సెమీస్‌లో మళ్లీ ఆస్ట్రేలియా, లక్ష్యం 339. మూడో స్థానంలో దిగాలన్న సంగతి బ్యాటింగ్‌కి వెళ్లడానికి ఐదు నిమిషాల ముందే తెలిసిందని, అంతకు ముందు దాని మీద చర్చ జరుగుతుంటే తాను స్నానం చేస్తున్నానని ఆమే చెప్పింది. టోర్నీలో దాదాపు రోజూ ఏడ్చానని, ఆందోళనతో చాలా ఇబ్బంది పడ్డానని కూడా మైక్ ముందు దాచుకోకుండా చెప్పింది. కెప్టెన్ హర్మన్‌ప్రీత్‌తో 167 పరుగుల భాగస్వామ్యం అయ్యాక హర్మన్‌ప్రీత్ 89 దగ్గర అవుటై వెళ్లిపోయింది. 82 దగ్గర జెమీమా క్యాచ్‌ని ఆస్ట్రేలియా వికెట్ కీపర్ హీలీ వదిలేసింది. ఇంత టెన్షన్‌లో సెంచరీ కొట్టినా బ్యాట్ ఎత్తి సంబరం చేసుకోలేదు. పని ఇంకా మిగిలే ఉందిగా! తొమ్మిది బంతులు ఉండగానే గెలిచాం. విశాఖలో మన మీద ఆస్ట్రేలియా పెట్టిన ఛేజ్ రికార్డు ఆ నెలలోనే మన చేతుల్లో బద్దలైంది.

ధైర్యం అంటే ఏడవకపోవడం అని చిన్నప్పటి నుంచీ నాకు ఎక్కించారు. ఆమె ఏడ్చింది, అయినా ఆడింది. రెండూ ఒక మనిషిలో ఒకే రోజు ఉండొచ్చని తెలియడం నాకు చాలా పెద్ద ఊరట. ఆ వారంలోనే, నన్ను తప్పించిన పనికి సంబంధించిన కొత్త విషయాలు చదవడం మళ్లీ మొదలుపెట్టాను. ఎవరైనా అడుగుతారని కాదు, ఆ విద్య నాది కాబట్టి.

ఓపెనర్ షెఫాలీ వర్మ కథ అందరికీ తెలిసిందే. జట్టులోనే లేదు, దేశవాళీ టీ20లు ఆడుకుంటుంటే పిలుపొచ్చింది. ఫైనల్లో 87 పరుగులు, బంతితో రెండు వికెట్లు. ‘చూశావా, ఓపిక పడితే నీకూ ఒక ఫైనల్ వస్తుంది’ అని నాతో చాలామంది అన్నారు. ఆ మాటతో నేను పూర్తిగా ఒప్పుకోను. ఆ ఫైనల్ ఆమెకు దొరికింది అప్పటిదాకా ఓపెనర్‌గా ఆడిన ప్రతికా రావల్ గాయపడినందువల్ల. ప్రతికా ఏం తక్కువ చేసింది? న్యూజిలాండ్ మీద 122 కొట్టింది, టోర్నీలో 308 పరుగులు చేసింది. బంగ్లాదేశ్‌తో లీగ్ చివరి మ్యాచ్‌లో ఫీల్డింగ్ చేస్తూ కాలు మెలిపడింది, అంతటితో ప్రపంచకప్ అయిపోయింది. గెలిచాక చక్రాల కుర్చీలో మైదానంలోకి వచ్చి అందరితో కలిసి సంబరాలు చేసుకుంది. ఎవరైనా ‘కష్టపడితే ఫలితం తప్పక వస్తుంది’ అంటే నాకు ఇప్పుడు ఆమే గుర్తొస్తుంది. అన్నీ సరిగ్గా చేసినా చోటు పోవచ్చు. అయినా తాను వేసిన పునాది మీద జట్టు గెలిస్తే అందులో తన వాటా తనకుంటుంది. నాకు ఆ ప్రాజెక్టు తిరిగి రాలేదు. కానీ అది పూర్తయిన రోజు ఆ బృందానికి మనస్ఫూర్తిగా అభినందనలు చెప్పగలిగాను.

మీరు కూడా ఇలాంటి దశలో ఉంటే ఆ సెమీఫైనల్ ఛేజ్ మొత్తం చూడండి, హైలైట్స్‌తో సరిపెట్టుకోవద్దు. జెమీమా అందులో కొట్టిన 127 పరుగుల్లో ఫోర్లు 14, సిక్స్ ఒక్కటీ లేదు. అంటే 71 పరుగులు వికెట్ల మధ్య పరిగెత్తి తీసినవే. హైలైట్స్‌లో ఫోర్లే కనబడతాయి, ఆ పరుగులు కనబడవు.