పెళ్లి కాకున్నా ఫైలు ముట్టొద్దు

బిడ్డా,

పెళ్లి ఎప్పుడన్నది మీ ఇద్దరి ఇష్టం, దాని జోలికి నేను రాను. కానీ కాజీపేటలో నువ్వు రైల్వే సీనియర్ సెక్షన్ ఇంజనీరువి, నీకు తోడుగా ఉంటున్న ఆయనది హనుమకొండలో సివిల్ కాంట్రాక్టు, ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. ఆయన రైల్వే టెండర్ వేయకముందే కాగితాలు సరిచేసుకో.

1966 నాటి రైల్వే సర్వీసుల ప్రవర్తనా నియమావళిలో కుటుంబ సభ్యులంటే భర్త లేదా భార్య, పూర్తిగా నీ మీద ఆధారపడ్డ పిల్లలు, అట్లాగే ఆధారపడ్డ బంధువులు. పెళ్లి కాకుండా కలిసి ఉండే మనిషి అందులో లేడు. చాలామంది ఇక్కడిదాకా చదివి మనకు వర్తించదని పుస్తకం మూసేస్తారు. అక్కడే దెబ్బ తింటారు. సంపూర్ణ నిజాయితీ కోరే రూల్ 3కి బంధుత్వంతో పనిలేదు. అవినీతి నిరోధక చట్టం 7వ సెక్షన్‌లోనూ అంతే, అనుచిత లాభం నీకే దక్కాలని లేదు, వేరేవాళ్లకు ఇప్పించినా నేరమే.

కాబట్టి రూల్ 4 భర్త విషయంలో ఏం చెబుతుందో ఆయన విషయంలోనూ అదే పాటించు. ఆయనకు ప్రయోజనం ఉన్న ఫైలును నువ్వు చూడకుండా పైఅధికారికి పంపాలి. టెండర్ కమిటీలో లేను కదా అని ధీమా వద్దు. అంచనా వేయడం, కొలతలు మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కించడం, బిల్లు పాస్ చేయడం, గడువు పెంచమని సిఫారసు రాయడం అన్నీ దీని కిందికే వస్తాయి. విజిలెన్స్ వాళ్లు ముందు తెరిచేది ఆ బుక్కునే.

నీ పైఅధికారి ఏడీఈఎన్‌కు, అంటే అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరుకు, కాన్ఫిడెన్షియల్ కవర్లో ఒక పేజీ ఇవ్వు. ఫర్మ్ పేరు, ఆయన వాటా, ఒకే ఇంట్లో ఉంటున్న సంగతి, ఉమ్మడి ఖాతా ఉంటే అది, ఆ ఫర్మ్ పనులు నాకు అప్పగించవద్దనే విజ్ఞప్తి, ఇవి చాలు. మీ ప్రేమ సంగతులు రాయనక్కరలేదు. రెండో కాపీ మీద తేదీతో సంతకం తీసుకుని ఇంట్లో పెట్టుకో. నోటిమాటగా చెప్పింది ఆ సారు బదిలీ అయిన రోజే పోతుంది.

కానుకల గురించి చెప్పే రూల్ 13లో ఒక మెలిక ఉంది. స్నేహితుడు ఇచ్చే ఉచిత ప్రయాణం, తిండి, వసతి కానుక కిందికి రావు, కానీ ఆ స్నేహితుడికి నీతో ఆఫీసు పని ఉండకూడదు. నీ సెక్షన్‌లో ఆయనకు పని దొరికిందంటే ఆయన కారు, ఆయన కట్టే కిరాయి కూడా లెక్కలోకి వస్తాయి. ఇంటి ఖర్చులో నీ వాటా ప్రతి నెలా బ్యాంకు ద్వారానే పంపు.

అన్నిటికన్నా నాకు భయం ప్లాటు గురించి. నీ జీతంతో ఆయన పేరు మీద కొనకు. బినామీ చట్టం మినహాయింపు ఇచ్చింది భార్యాభర్తలకు, పిల్లలకు, అదీ తెలిసిన ఆదాయంతో కొంటేనే. కలిసి ఉండేవాళ్లకు ఆ రక్ష లేదు. ఆస్తి జప్తవుతుంది, ఏడాది నుంచి ఏడేళ్లదాకా జైలు, మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా. ఇద్దరూ డబ్బు పెడితే ఇద్దరి పేర్ల మీదే రాయించి, ఎవరి సొమ్మెంతో దస్తావేజులో చెప్పించు. మన నియమావళిలోని రూల్ 18 ప్రకారం రిజిస్ట్రేషన్‌కు ముందే ఆఫీసుకు తెలపాలి. రెండు నెలల మూల వేతనం దాటిన చరాస్తి కొంటే నెలలోపు తెలపాలి.

రేపు పెళ్లయితే ఆయన వ్యాపారం గురించి రూల్ 15 కింద మళ్లీ రాసివ్వాలి. పాత కాగితం ఉంది కదా అని ఊరుకోకు.

ఆ కవర్ ఈ వారమే ఇచ్చెయ్. టెండర్ తెరిచాక ఇస్తే దాచిపెట్టి బయటపెట్టినట్టే చూస్తారు.

మీ పెద్దబాపు