వెయ్యి మిల్లీవాట్ల లేజర్ కొనొచ్చా?

ప్రశ్న: మా స్కూలు పిల్లలకు రాత్రిపూట నక్షత్రాలు చూపిస్తుంటాను. అందుకోసం ఆన్‌లైన్‌లో ఒక గ్రీన్ లేజర్ చూశాను. తాళం చెవి, ఛార్జర్, కళ్లద్దాలు కూడా ఇస్తున్నారు. స్టిక్కర్ మీద '1000 మిల్లీవాట్ల లోపు' అని ఉంది. తీసుకోవచ్చా?
- ఒక సైన్స్ టీచర్, మిర్యాలగూడ

జవాబు: అది వద్దు మాస్టారూ. మీ పనికి 5 మిల్లీవాట్లు దాటనిది చాలు. మన కన్ను పచ్చ రంగును బాగా పట్టుకుంటుంది కాబట్టి, వీధి దీపాలు లేని చోట ఆ మాత్రం కిరణమే ధ్రువ నక్షత్రం వైపు గీత గీసినట్టు కనిపిస్తుంది.

ముందు ఆ స్టిక్కర్ సంగతి. '1000 లోపు' అంటే 50 కావచ్చు, 900 కావచ్చు. '5 లోపు' అని రాసినా గుడ్డిగా నమ్మలేం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 122 లేజర్ పాయింటర్లను పరీక్షించి 2013లో ఫలితాలు వెల్లడించింది. పచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎర్రవాటిలో 44 శాతం అక్కడి భద్రతా నిబంధనలకు లోబడి లేవు.

కంటికి చేసే హానిని బట్టి లేజర్లను క్లాసులుగా విడదీశారు. కంటికి కనిపించేవాటిలో 1 మిల్లీవాట్ దాకా క్లాస్ 2. పొరపాటున కంట్లో పడినా, పావు సెకనులో రెప్ప పడిపోయి కాపాడుతుంది. 5 దాకా క్లాస్ 3ఆర్. ఆపైన 500 దాకా క్లాస్ 3బి, అది కూడా దాటితే క్లాస్ 4. ఈ చివరి రెండింటితోనే అసలు భయం. రెప్ప పడేలోపే రెటీనా కాలిపోవచ్చు. సూటిగా చూడక్కర్లేదు, కిటికీ అద్దం మీదో బైక్ ట్యాంకు మీదో పడి తిరిగొచ్చినా చాలు. క్లాస్ 4 అయితే దగ్గర్లోని గోడ మీద పడ్డ చుక్కను తేరిపార చూడటమూ ప్రమాదమే. రెటీనాకు నొప్పి తెలియదు. చూపులో మచ్చ కనిపించేదాకా పిల్లాడు చెప్పడు, మనకు తెలియదు.

చౌక గ్రీన్ లేజర్లలో ఇంకో చిక్కుంది. చాలావాటిలో లోపల పుట్టేది పచ్చ వెలుగు కాదు. 808 నానోమీటర్ల (వెలుగు తరంగదైర్ఘ్యానికి కొలత, రంగును బట్టి మారుతుంది) ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని వెలుగు, ఒక స్ఫటికంలో 1064గా మారి, మరో స్ఫటికంలో సగమై 532 నానోమీటర్ల పచ్చ కిరణంగా బయటికొస్తుంది. మిగిలిపోయిన ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపడానికి ముందు ఒక ఫిల్టర్ ఉండాలి. ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని వదిలేస్తే, కంటికి కనపడని కిరణం కూడా వెంట వస్తుంది. దానికి రెప్ప కూడా పడదు.

కిట్‌లో వచ్చే ప్లాస్టిక్ కళ్లద్దాలను లెక్కలోకి తీసుకోకండి. సరైనవాటి మీద ఏ నానోమీటర్లకు ఎంత ఓడీ (ఆప్టికల్ డెన్సిటీ, అంటే వెలుగును ఎంత ఆపుతాయో చెప్పే అంకె) అన్నది రాసి ఉంటుంది. ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతు వెలుగే లోపలికి వస్తుంది. అవి పెట్టుకుంటే మీ పచ్చ గీత కూడా కనపడదు! అందుకే నక్షత్రాలు చూపించే పనికి శక్తిమంతమైన లేజర్ ఏ రకంగానూ కుదరదు.

టెలిస్కోపులు అమ్మే నమ్మకమైన దుకాణంలో, తయారీదారు పేరు, క్లాస్, నానోమీటర్లు స్పష్టంగా ఉన్నది, బటన్ నొక్కినంతసేపే వెలిగేది తీసుకోండి. అగ్గిపుల్ల వెలిగించి, బెలూన్ పేల్చి చూపించే ప్రకటనలున్నవి వదిలేయండి. వాడేటప్పుడు పిల్లలను మీ వెనక నిలబెట్టండి. వాళ్ల చేతికి మాత్రం ఇవ్వకండి. విమానం దీపాలు కనిపిస్తే వెంటనే ఆపేయండి. కిరణం పోనుపోను విచ్చుకుంటుంది. మామూలు పాయింటర్‌దే కిలోమీటరు దూరంలో సుమారు మీటరు వెడల్పవుతుంది. అది కాక్‌పిట్ అద్దం మీద పడితే పైలట్‌కు ముందున్నదేదీ కనపడదు. అమెరికాలో విమానం మీద లేజర్ వేయడం 2012 నుంచి ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు. ఆస్ట్రేలియాలో ఉన్న మన వాళ్లు ఆర్డర్ పెట్టేముందు చూసుకోండి: 1 మిల్లీవాట్ దాటిన పాయింటర్‌ను అనుమతి లేకుండా అక్కడికి దిగుమతి చేసుకోకూడదు.

ప్రశ్న: చెక్క కీచైన్ల మీద పేర్లు చెక్కడానికి చేతిలో పట్టుకునే బ్లూ లేజర్ పనికొస్తుందా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చేతితో పట్టుకుని అక్షరాలు నీట్‌గా రావు, కంటికీ ముప్పే. నీలం వెలుగు పచ్చదానంత ప్రకాశంగా అనిపించదు కాబట్టి దాని బలాన్ని తక్కువ అంచనా వేస్తాం. చుట్టూ మూత ఉన్న, మూత తెరిస్తే ఆగిపోయే చిన్న ఎన్‌గ్రేవర్ (లేజర్‌తో చెక్కే మెషీన్) తీసుకోండి. పొగ బయటికి పోయేలా ఫ్యాన్ పెట్టండి. చెక్క, తోలు పరవాలేదు. పీవీసీ, రెక్సిన్ మాత్రం పెట్టకండి, కాలితే క్లోరిన్ కలిసిన విషవాయువులొస్తాయి, మెషీన్ కూడా తుప్పు పట్టి పోతుంది.